డ్రిప్ కట్టాలంటే లెక్కలు రావాలి
బయాలజీ వైపు వెళ్లే పిల్లలకు పదో తరగతి తర్వాత లెక్కలతో పెద్దగా పని ఉండదని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. పన్నెండేళ్లుగా నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ఎక్కువమంది బైపీసీ వాళ్లే, లెక్కలంటే టెన్షన్ కాబట్టే ఆ గ్రూపు తీసుకున్నామంటారు. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, మి.లీ.కి 20 చుక్కలు పడే డ్రిప్ సెట్టు (సెలైన్ గొట్టం), నిమిషానికి ఎన్ని చుక్కలు అని అడిగితే సగం మంది పెన్ను పక్కన పెట్టేస్తారు. ఫార్ములా మాత్రం అందరికీ కంఠతా వచ్చు. అందుకే ఇప్పుడు స్టాండుకు సీసా తగిలించి, గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టమంటున్నాను. మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు, అంటే నిమిషానికి సుమారు 42. కిందటేడాది ఒకమ్మాయి "మేడమ్, ఇంతేనా? ఇది భాగహారమే కదా!" అంది. ఆ పిల్ల ముఖంలో వెలుగు నాకింకా గుర్తుంది. చిన్నపిల్లలకు వాడే సెట్టులో మి.లీ.కి 60 చుక్కలు. ఆ లెక్కన కట్టిన వేగంతో 20 చుక్కల సెట్టును వదిలితే పసిబిడ్డ ఒంట్లోకి మూడింతల ద్రవం వెళ్తుంది. లెక్కను కళ్లకు కట్టేలా చెబితే బాగా అర్థమవుతుందని పరిశోధనలూ చూపిస్తున్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు గిగెరెంజర్, హాఫ్‌రేజ్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాధి పరీక్షల ఫలితాలను శాతాల్లో కాకుండా "వెయ్యి మందిలో పది మంది" అన్నట్టు చెబితే సరిగ్గా లెక్కకట్టగలిగినవాళ్లు పెరిగారు. బైపీసీ పిల్లలకు లెక్కలు తీసేయకండి, ఇలా చుక్కలతో, మనుషులతో చెప్పండి.