అమ్మ వేషం గారికి ఒక ప్రేక్షకురాలు వ్రాయునది

అమ్మ వేషం గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి. అంటే మేం కుశలమే. మీరు ఇంటర్వెల్ దాకా కుశలంగా ఉంటారో లేదో మాత్రం గ్యారంటీ లేదు, గుండెపోటో విలన్ మనుషులో మీ మీద పడకపోతే హీరోగారికి కోపం రాదు కదా.

మొన్న రాత్రి నిద్ర పట్టక ఒక డాక్యుమెంటరీ చూశాను. 2002లో రోసన్నా ఆర్క్వెట్ అనే హాలీవుడ్ నటి తీసింది. డెబ్రా వింగర్ అంతటి నటి నలభై ఏళ్లకే సినిమాలు వదిలేసి ఎందుకు వెళ్లిపోయిందా అని మొదలుపెట్టి, తోటి నటీమణులను కూర్చోబెట్టి పిల్లల్ని, షూటింగుల్ని, మీద పడే వయసుని ఎలా నెట్టుకొస్తున్నారని అడుగుతుంది. నలభై దాటితే మంచి వేషాలు రావని వాళ్ల బాధ. చూస్తున్నంతసేపూ మీరే గుర్తొచ్చారు. మన దగ్గర వేషాలు రాకపోవడమేంటండీ, మీరున్నారుగా! నలభై దాకా ఆగే ఓపిక కూడా లేదు మీకు.

శ్రీదేవి దగ్గరికి మీరు ఎప్పుడెళ్లారో గుర్తుందా? 1976లో, తమిళంలో, 'మూండ్రు ముడిచ్చు'. రజనీకాంత్‌కి సవతి తల్లి వేషం. ఆయనకి అప్పటికి పాతికేళ్లు, ఆవిడకి పదమూడు. పోనీ మీ లెక్క అదే అనుకుందామంటే, అదే పిల్ల 1972లో 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కి మనవరాలు, 1979లో 'వేటగాడు'లో ఆయన పక్కన హీరోయిన్, ఇద్దరూ వానలో తడుస్తూ స్టెప్పులు కూడా వేశారు. ఏడేళ్లలో మనవరాలు ఎదిగింది సరే, తాతగారి వయసు వెనక్కి నడిచిందే, ఆ లెక్క ఏ ఎక్కాల పుస్తకంలో ఉంది?

'బాహుబలి'కి వద్దాం. అనుష్క ప్రభాస్ కంటే రెండేళ్లు చిన్న. 2015లో మీరు ఆవిడకి నెరిసిన జుట్టు పెట్టి, గొలుసులతో కట్టి, పుల్లలు ఏరించి, పాతికేళ్లు కొడుకు కోసం ఎదురుచూడమన్నారు. కొడుకెవరయ్యా అంటే ప్రభాసే. మొగుడూ ఆయనే లెండి, కానీ అమరేంద్ర బాహుబలి కుర్రాడిగానే పోయాడు కాబట్టి జుట్టు నెరిసే బాధ ఆయనకి తప్పింది. చివరికి చావు కూడా మగవాళ్లకే కలిసొస్తోంది, చూశారా.

(శివగామి దగ్గర మాత్రం నేనూ ఈల వేశాను, అబద్ధం ఎందుకు. రమ్యకృష్ణ ప్రభాస్ కంటే తొమ్మిదేళ్లే పెద్ద, అయినా ఆ వేషంలో ఆవిడ ఏడుస్తూ మూల కూర్చోలేదు, సింహాసనం మీద కూర్చుంది. అలాంటివి మీ దగ్గర ఇంకో నాలుగున్నా బయటికి తీయరేం?)

ఇంకో సంగతి. తెరమీద మీరంటే అందరికీ భక్తి, కాళ్లకి దణ్ణాలు, సెంటిమెంటు పాటలు. నటి నిజంగా అమ్మైతేనే ఇబ్బంది మొదలవుతుంది. 2024లో 'కల్కి'లో దేవుణ్ణి కడుపున మోసే వేషం దీపికా పదుకొణెది, సినిమా విడుదలయ్యేనాటికి ఆవిడ నిజంగానే గర్భవతి. 2025లో సీక్వెల్లో ఆవిడ ఉండరని నిర్మాతలు ప్రకటించారు. వాళ్ల మధ్య ఏం జరిగిందో నాకెందుకు గానీ, ఆ ఏడాదంతా రోజుకి ఎనిమిది గంటల పని అనే మాట చుట్టూ జరిగిన రచ్చ మాత్రం తెగ చూశాను. బ్యాంకులో పనిచేసే మా పక్కింటావిడ అడిగితే అది డ్యూటీ, చంటిబిడ్డ తల్లయిన హీరోయిన్ అడిగితే పొగరు.

2012లో శ్రీదేవి పదిహేనేళ్ల తర్వాత 'ఇంగ్లిష్ వింగ్లిష్'తో తిరిగొచ్చినప్పుడు మీరు మారారేమో అనుకున్నాను. అందులో అమ్మే హీరో. ఆ సరదా ఎన్నాళ్లో లేదు లెండి.

అన్నట్టు, మీవారు నాన్న వేషం గారు ఎలా ఉన్నారు? అరవై దాటిన హీరోలు ఇంతమంది డ్యూయెట్లు పాడుతూ తిరుగుతున్నారు, ఒక్కరి ఇంటి తలుపు కూడా తట్టరేమిటాయన? కనిపిస్తే అడిగానని చెప్పండి. కనిపించరని తెలుసు, హాల్లో గోడమీద దండ వేసిన ఫొటోలో ఉంటారు పాపం.

ఇట్లు,
బాల్కనీ మూడో వరుసలో కూర్చునే ప్రేక్షకురాలు