సుత్తి పట్టిన కార్మికుల లెక్క

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో 1811లో మేజోళ్లు అల్లే కార్మికులు రాత్రివేళ సుత్తులతో పగలగొట్టిన అల్లిక చట్రాలు కొత్తగా వచ్చినవేమీ కావు. విలియం లీ వాటిని 1589లోనే రూపొందించాడు. ఆ కార్మికుల తాతతండ్రులు వాటి మీదే బతికారు. యజమానికి అద్దె కట్టి మరీ పనిచేశారు. వారి కోపానికి కారణం వేరే ఉంది. వెడల్పాటి చట్రాల మీద గుడ్డ అల్లి, కత్తిరించి కుట్టిన నాసిరకం మేజోళ్లు సంతలో నిండాయి. పని పూర్తిగా నేర్వని కుర్రవాళ్లను చేర్చుకుని కూలి రేట్లు తెగ్గోసిన యజమానులు పెరిగారు. దెబ్బలు ఎక్కువగా పడింది వాళ్ల చట్రాలకే. పాత రేటు ఇస్తున్నవారి చట్రాలను చాలాచోట్ల ముట్టుకోనైనా లేదు. ఉన్మాద మూక అని ముద్ర వేయించుకున్న ఈ లుడ్డైట్లు ఎంత లెక్కగా నడుచుకున్నారో చూడండి!

మరి ప్రభుత్వం? తటస్థంగా ఉన్నట్టు నటించనైనా లేదు. కార్మికులు కూడబలుక్కుని కూలి అడగడాన్ని 1799లోనే నేరం చేసింది. ఉన్ని పరిశ్రమలో యంత్రాలకు పగ్గం వేసే పాత చట్టాలను 1809లో రద్దు చేసింది. 1812లో, చట్రం పగలగొడితే ఉరి అంది. ప్రభువుల సభలో కవి బైరన్ ఆ బిల్లును దుయ్యబట్టినా ఫలితం లేకపోయింది. మరుసటి జనవరిలో లుడ్డైట్ కేసుల్లో ఒక్క యార్క్‌లోనే 17 మందిని ఉరితీశారు. ఇంత జరిగాక, యంత్రం ముందు మనిషి తనంతట తానే ఓడిపోయాడని చెబితే మాకు మింగుడుపడదు.

నేత కుటుంబాలకు యంత్రమంటే పుట్టు వైరం లేదని తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. చింతకింది మల్లేశం తయారు చేసిన ఆసుయంత్రం, చీరకు ఆసు పోసీ పోసీ, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పీ తిప్పీ, భుజాలు అరిగిపోయిన ఆడవాళ్లకు ఊరటనిచ్చింది. అది నేసేవారి ఇంట్లోనే, వారి చేతిలోనే ఉంది.

ఇప్పుడు కృత్రిమ మేధ పేరుతో కార్యాలయాల్లో కలవరం మొదలైంది. ఉద్యోగాలు పోయేలా పనిపద్ధతి మార్చదలిస్తే 21 రోజుల ముందు కార్మికులకు నోటీసివ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నిర్దేశించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా ఆ నియమాన్ని ఉంచింది. అయితే మేనేజర్లు, నిర్ణీత జీతం దాటిన పర్యవేక్షకులు చట్టం దృష్టిలో కార్మికులు కారు. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో హోదాల పేర్లు ఎంత ఉదారంగా పంచుతారో అందరికీ తెలిసిందే! హోదా ఏదైనా, జీతం ఎంతైనా, ఉద్యోగులందరికీ ఈ నోటీసు వర్తించేలా కేంద్రం స్మృతిని సవరించాలి. ఏ సంస్థ, ఎందరికి, ఏ కారణంతో నోటీసులిచ్చిందో కార్మిక శాఖలు ఏటా బయటపెట్టాలి.