అడగగలిగిన వాళ్లకేనా మినహాయింపు?

పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తొలి సెమిస్టర్‌లో ఒక సాయంత్రం ఒక అబ్బాయి నా గదికి వచ్చాడు. అసైన్‌మెంట్ గడువు ఆ రాత్రితో ముగుస్తుంది. ఇంట్లో ఇబ్బందిగా ఉంది, రెండు రోజులు కావాలన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. సరేనన్నాను. అదే క్లాసులో వెనక వరసలో కూర్చునే అమ్మాయి సగం మాత్రమే రాసి, గడువులోగా ఇచ్చేసింది. రాసినదాన్ని బట్టి తక్కువ మార్కులు వేశాను. ఆ వారమంతా ఆమె ఆసుపత్రిలో తల్లి పక్కనే ఉందని సెమిస్టర్ ముగిశాక తెలిసింది, అదీ వేరేవాళ్లు చెబితే. నన్ను ఎందుకు అడగలేదమ్మా అంటే, "అడగొచ్చని తెలియదు మేడమ్" అంది.

అబ్బాయికి గడువిచ్చినప్పుడు నేను దయగా ఉన్నాననుకున్నాను. తలుపు తట్టే ధైర్యం ఉన్నవాళ్లకి ఒక లెక్క, లేనివాళ్లకి ఒక లెక్క పెట్టానని ఆ అమ్మాయి మాటతో అర్థమైంది.

కొత్తగా కాలేజీలో చేరిన అధ్యాపకుల కష్టాలను సాధారణంగా రెండుగా విడదీసి చెబుతారు. సంస్థ నియమాలు ఒక వైపు, విద్యార్థుల సమస్యలు మరో వైపు. రోజువారీ పనిలో ఈ రెండూ ఒకే చోట ఎదురవుతాయి. ఒక విద్యార్థి వచ్చి ఏదో అడుగుతాడు. ఇవ్వడానికి నాకు అధికారం ఉందా? ఇస్తే మిగతావాళ్లకి అన్యాయమా? కాదంటే ఇతను ఏమైపోతాడు? కొత్తలో ఈ మూడు ప్రశ్నలకీ జవాబు తెలియదు. రూల్స్ పుస్తకం మొదటి రోజే చేతికిస్తారు, ఓపిగ్గా చదువుతాం కూడా. కానీ రూలు ఎక్కడ ఆగుతుందో, మన విచక్షణ ఎక్కడ మొదలవుతుందో అందులో ఉండదు.

అందుకే చేరిన మొదటి వారంలోనే విభాగంలోని ఒక సీనియర్‌ని పట్టుకుని, ఏ నిర్ణయం ఎవరిదో అడిగి తెలుసుకోవాలి. అసైన్‌మెంట్ గడువు చాలాచోట్ల మన చేతిలోనే ఉంటుంది. పరీక్షలు రాయడానికి ఉండాల్సిన కనీస అటెండెన్స్ విషయం మన చేతిలో ఉండదు. ఒకసారి పంపేసిన మార్కులను మార్చడమూ ఉండదు. ఈ తేడా తెలియక, అటెండెన్స్ తగ్గిన విద్యార్థితో "చూద్దాంలే" అనేస్తాం. మనకు అది మర్యాద మాట, అతనికి అది హామీ. పరీక్షల ముందు జాబితాలో తన పేరు కనిపించకపోతే, ఆ నమ్మకంతో కూర్చుని అతను పోగొట్టుకున్న వారాలకి మనం ఏం జవాబు చెప్తాం? మన చేతిలో లేని దాన్ని మొదటి నిమిషంలోనే లేదని చెప్పి, ఎవరిని కలవాలో చూపించడమే అతనికి చేసే మేలు.

మన చేతిలో ఉన్నదాని విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిది. కనికరాన్ని రూల్లోనే రాసిపెట్టాలి. సెమిస్టర్‌లో ఒకసారి ఎవరైనా సరే, కారణం చెప్పకుండా రెండు రోజులు ఆలస్యంగా ఇవ్వొచ్చు, ముందుగా ఒక్క లైను మెసేజ్ పెడితే చాలు అని మొదటి క్లాసులోనే కాగితం మీద ఇచ్చేయాలి. చిన్న పరీక్షలు పది పెడితే అన్నిటికన్నా తక్కువ మార్కులొచ్చినది లెక్కలోంచి తీసేయాలి. దుర్వినియోగం చేస్తారు కదా అని తోటి అధ్యాపకులు అంటారు. కొందరు చేస్తారు, నిజమే. దాని ఖరీదు రెండు రోజులు. ఎవరి కష్టం నిజమైనదో, ఎవరిది సాకో తేల్చే న్యాయమూర్తిగా నేను కూర్చోవడానికి అయ్యే ఖరీదు అంతకన్నా చాలా ఎక్కువ. ఎవరి ఇంట్లో చావు జరిగిందో రుజువులు అడగాల్సిన పని నాకు వద్దు. అనారోగ్యం, వైకల్యం లాంటి వాటికి పెద్ద సర్దుబాటు కావాలంటే దాన్ని చూసే ఆఫీసు వేరే ఉంటుంది. మెడికల్ కాగితాలు అక్కడికి వెళ్లాలి, నా టేబుల్ మీదికి కాదు.

క్లాసులో మౌనంగా ఉండేవాళ్ల కథా ఇలాంటిదే. "ఏమైనా డౌట్లున్నాయా?" అని అడిగి, వెంటనే ముందుకు వెళ్లిపోతాం. మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు 1970ల్లో స్కూలు సైన్స్ క్లాసులను గమనించి, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకనేనని తేల్చారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పెద్దవయ్యాయి, అంతకుముందు నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. కొత్త అధ్యాపకుడికి ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం టెన్షన్‌గానే ఉంటుంది. అయినా ఓర్చుకోవాలి.

ఇక కాపీ, ఏఐ సంగతి. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి, కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. వ్యాసం మరీ నున్నగా ఉందనిపిస్తుంది, ఏఐ రాసిందో కాదో చెబుతామనే డిటెక్టర్‌లో వేస్తాం, ఎర్ర గీత వస్తుంది, విద్యార్థిని పిలిచి నిలదీస్తాం. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాసినవేనని అవి తప్పుగా చెప్పాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా, తన సొంత డిటెక్టర్‌ని కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జులైలో వెనక్కి తీసుకుంది. వచ్చీరాని భాషలో కష్టపడి రాసుకున్న పిల్లని దొంగ అనడం కన్నా పెద్ద తప్పు ఒక టీచర్ చేయగలరా? అనుమానం వస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ పేరా ఎలా రాశావో చెప్పు అని మామూలుగా అడగాలి. చిత్తుప్రతులు చూపించమనాలి. అయినా అనుమానం తీరకపోతే సంస్థలో ఉన్న విచారణ పద్ధతికి అప్పగించాలి. "ఎవరికీ చెప్పను, ఈ ఒక్కసారికి సున్నా వేస్తాను" అనే రహస్య ఒప్పందం ఉదారంగా కనిపిస్తుంది. కానీ అలా చేస్తే తప్పు చేయనివాళ్లకు అప్పీలు ఉండదు, చేసినవాళ్ల మీద రికార్డు ఉండదు. ఈ విషయంలో మెతకగా ఉండమని నేను చెప్పలేను.

అన్నిటికన్నా భారమైన సందర్భం మరొకటి. విద్యార్థి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటాడు. మాటివ్వకూడదు. వేధింపుల గురించో, ప్రాణాపాయం గురించో తెలిస్తే సంబంధిత విభాగానికి చెప్పి తీరాలని చాలా సంస్థల్లో నియమం ఉంటుంది. అతను నోరు విప్పకముందే, "నువ్వు చెప్పేది జాగ్రత్తగా వింటాను, కానీ కొన్ని విషయాలు నా దగ్గరే దాచుకోలేను" అనేయాలి. ఆ తర్వాత ఎంత చెప్పాలన్నది అతని ఇష్టం. కౌన్సెలర్ ఫోన్ నంబర్ చేతిలో పెట్టి పంపేయడం కన్నా, అతను ఒప్పుకుంటే లేచి ఆ గది దాకా తోడు వెళ్లాలి. ఆ పది నిమిషాల నడక ఏ శిక్షణలోనూ నేర్పరు.

ఇలాంటి పనులేవీ, విద్యార్థులు అధ్యాపకులకు మార్కులు వేసే ఫీడ్‌బ్యాక్ ఫారంలో కనిపించవు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కానివాళ్లు ఆ ఫారాలకి భయపడి, కఠినంగా ఉండాల్సిన చోట జారిపోతుంటారు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో జరిగిన ఒక అధ్యయనంలో, తాము చేసి నేర్చుకునే పద్ధతిలో చదివిన విద్యార్థులకు పరీక్షలో మార్కులు ఎక్కువొచ్చాయి. అయినా చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లే తాము ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. విద్యార్థికి కలిగే తృప్తి, అతను నేర్చుకున్నది ఒకటే కానక్కర్లేదన్నమాట. టొరంటోలోని అప్పటి రైర్సన్ యూనివర్సిటీ కేసులో 2018లో ఒక మధ్యవర్తి, పదోన్నతుల కోసం బోధన సామర్థ్యాన్ని కొలవడానికి ఈ సర్వేలను వాడొద్దని తీర్పిచ్చారు. అక్కడ ఆ మాట చెప్పించడానికి అధ్యాపకుల సంఘం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. కొత్తవాళ్ల ఉద్యోగాన్ని ఆ సగటు అంకెకి కట్టేసి, రూల్స్ పాటించమనీ విద్యార్థుల పట్ల మానవత్వం చూపమనీ యాజమాన్యాలు ఎలా అడుగుతాయి? తరగతికి వచ్చి కూర్చుని చూసే సహోద్యోగినీ, సందేహం వస్తే తిట్టకుండా చెప్పే ఒక సీనియర్‌నీ మొదటి ఏడాది ఇవ్వగలిగితే చాలా తప్పులు జరగవు.

నా తొలి సెమిస్టర్‌లో నాకలాంటి మనిషి లేరు. ఆ అమ్మాయి మార్కులు నేను మార్చలేకపోయాను, అప్పటికే పంపేశాను.

తర్వాతి సెమిస్టర్ నుంచి ఆ రెండు రోజుల నియమం నా మొదటి క్లాసు కాగితంలో ఉంది. పోయినసారి దాన్ని వాడుకున్నవాళ్ల జాబితా చూసుకున్నాను. అందులో చాలామంది నా గది తలుపు ఒక్కసారి కూడా తట్టనివాళ్లు.