సాత్వికం అంటే దెబ్బలు తిని ఊరుకోవడమా?

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్, సాత్వికులైన క్రైస్తవులు ఎలా ఉండాలో పాయింట్లుగా చెప్పేది. "సాత్వికుడైన విశ్వాసి గుర్తులు" అని పైన, చుట్టూ గులాబీలు, కింద "ఆమెన్ అనేవాళ్లు పదిమందికి పంపండి" అని. సంఘం గ్రూపులో, స్త్రీల కూటమి గ్రూపులో, చివరికి బంధువుల గ్రూపులో కూడా అదే. పంపేవాళ్లంతా భక్తిగలవాళ్లే. అందుకే ఇంకా బాధ.

మెల్లగా మాట్లాడాలి, తెల్లబట్టలే కట్టుకోవాలి అన్నవి వదిలేద్దాం. పాస్టర్‌ను ప్రశ్నించకూడదట. అంతియొకయ పట్టణంలో అపొస్తలుడైన పేతురు తప్పు చేస్తే, తోటి అపొస్తలుడు పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఇది బైబిల్‌లో, గలతీ పత్రికలోనే ఉంది.

"సాత్వికుడికి కోపం రాదు" అని ఇంకొకటి. భూమ్మీద అందరికంటే సాత్వికుడని సంఖ్యాకాండం 12లో రాసింది మోషే గురించే. ప్రజలు పూజిస్తున్న బంగారు దూడను చూసి రాతిపలకలు నేలకేసి కొట్టిందీ ఆయనే. తనమీద నోరు పారేసుకున్న అక్క మిర్యాముకు కుష్ఠు వస్తే, బాగుచేయమని దేవునికి మొరపెట్టిందీ ఆయనే. కోపం వచ్చింది గానీ పగ పట్టలేదు.

ఇక అసలు విషం: "సాత్వికురాలైన భార్య భర్త కొట్టినా మౌనంగా భరిస్తుంది, గడప దాటదు, పోలీసుల దగ్గరకు వెళ్లదు." కింద ఆధారంగా 1 పేతురు 3:4, అంటే సాధువైన, మృదువైన గుణమే స్త్రీకి అలంకారమనే వచనం.

ఈ మాటను మా కూటమిలో ఒకరు ఫోన్ చూసి గట్టిగా చదివారు. నా పక్కన కూర్చున్న చెల్లెమ్మ మోచేయి దగ్గర కమిలిన చోటు కనబడకుండా కొంగు లాక్కుంది. "ప్రార్థన చెయ్యమ్మా, మారతాడు" అన్నారు పెద్దావిడ. చెల్లెమ్మ తలూపింది. ఏం చెయ్యగలదు?

నాలుగో వచనం దగ్గర ఆగిపోయారేం? ఏడో వచనం ఫోన్‌లో పట్టలేదా? భార్యను సన్మానించకపోతే భర్త ప్రార్థనలకే ఆటంకమని ఉంది అక్కడ. గులాబీలు పెట్టి ఆ వచనం మగవాళ్లకు ఒక్కరైనా పంపారా?

యేసు కంటే సాత్వికులా మనం? ప్రధానయాజకుని ముందు బంట్రోతు చెంపమీద కొడితే, మంచిమాట చెప్పినందుకు నన్నెందుకు కొడుతున్నావని ఆయన అడిగాడు. తిరిగి కొట్టలేదు, అలాగని నోరు మూసుకోనూ లేదు. విచారణ లేకుండా తనను కొట్టి, తెల్లారాక గుట్టుగా పంపేద్దామనుకున్న ఫిలిప్పీ అధికారులను పౌలు చెరసాలకే రప్పించాడు. తర్వాత రోమా చక్రవర్తి కైసరు ఎదుట విచారణ కావాలన్నాడు. పౌలు చట్టాన్ని ఆశ్రయిస్తే విశ్వాసం, మన ఆడపిల్ల ఆశ్రయిస్తే అవిధేయతా? గృహహింస చట్టం 2005లోనే వచ్చింది. దాన్ని వాడుకోవడం పాపమని ఏ వాక్యం చెప్పింది?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. "తిట్టినవాడికి అదే భాషలో జవాబివ్వకూడదు" అన్న ఆఖరి పాయింటు నూటికి నూరుపాళ్లు నిజం. యూట్యూబ్‌లో విశ్వాసం కోసం వాదిస్తూ మనవాళ్లు పెట్టే కామెంట్లు చదివితే తల దించుకోవాల్సి వస్తోంది. నిరీక్షణకు కారణం అడిగితే సాత్వికంతో జవాబు చెప్పమన్నాడు పేతురు. ఆ ఒక్క పాయింటే ఉంటే నేనూ ఆమెన్ అని పంపేదాన్ని.

మిగతాది దయచేసి తీసెయ్యండి. పదిమందికి పంపాలని ఉంటే మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181 పంపండి. మీ గ్రూపులోనే అది కావలసినవాళ్లు ఉండొచ్చు.