పాత్రకు గతం ఉంటే చాలదు, దానికి వడ్డీ కట్టాలి

పోయిన వేసవి సెలవుల్లో, తిరుపతిలో డిగ్రీ చదివే ఒకమ్మాయి తను రాయబోయే ఫాంటసీ నవల గురించి మాట్లాడాలని మా ఇంటికి వచ్చింది. చేతిలో లావాటి లాంగ్ నోట్‌బుక్. కథ ఒక్క పేజీ కూడా మొదలవలేదు గానీ పాత్రల వివరాలతో నలభై పేజీలు నిండిపోయాయి. ఒక్కో పాత్రకు స్కేలుతో గీసిన ఒక్కో పట్టిక, పైన ఎర్ర ఇంకుతో పేరు. నాయిక పేజీ ఇలా ఉంది: వయసు 19. కళ్ళు నీలం. జుట్టు వెండి రంగు. చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని మాంత్రికుడు చంపేశాడు. బలం: మంటను అదుపు చేయగలదు. బలహీనత: కోపం. ఇష్టమైనవి: వాన, ఒంటరితనం.

ఎంతో శ్రద్ధగా చేసిన పని. అందుకే మెచ్చుకుని పంపించేయాలని అనిపించలేదు.

"ఈమె పొద్దున్నే లేచి మొదట ఏం చేస్తుంది పాపా?" అని అడిగాను.

"యువరాణి గదా సార్, ఏం పని ఉంటాది?"

"అమ్మానాయన లేరంటివి. మరి ఎవరు పెంచినారు? ఎవరింట్లో అన్నం తినింది?"

నోట్‌బుక్ ముందుకీ వెనక్కీ తిప్పింది. పట్టికలో ఆ గడి లేదు.

యాప్‌లలో వచ్చే తెలుగు ఫాంటసీ ధారావాహికలు నేను వరసగా చదువుతుంటాను. కుర్రవాళ్ళ ఊహకు, ఓపికకు కొదవ లేదు. రాజ్యాల పటాలు గీస్తారు, మంత్రాలకు నియమాలు కడతారు, కత్తులకు పేర్లు పెడతారు. పాత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఒకే చోట ఆగిపోతున్నారు. అనాథ, పుట్టుమచ్చ, దాచిపెట్టిన రాజవంశం, ఒక శాపం. ఆ గతాన్ని మొదటి అధ్యాయంలో చెప్పేస్తారు. తర్వాత దానితో పని పడదు. పది అధ్యాయాల తర్వాత ఆ మాంత్రికుడు ఎవరినీ చంపలేదని చెప్పినా, ఆ నాయిక నడక మారదు, మాట మారదు, తిండి మారదు. అలాంటప్పుడు అది గతం ఎలా అవుతుంది? పెట్టెలో మడిచిపెట్టిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ అవుతుంది.

ఈ పట్టిక ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే కొంత అర్థమవుతుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను విడుదల చేశారు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రను ధరించి, పాచికలు వేస్తూ కథను నడిపే ఆట అది. ప్రతి ఆటగాడి ముందూ ఒక కాగితం ఉంటుంది. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలకు ఆరు అంకెలు. నీతిని కూడా తర్వాత తొమ్మిది గడులుగా విభజించారు: ఒక వైపు కట్టుబాటు, తటస్థం, విశృంఖలం, ఇంకో వైపు మంచి, తటస్థం, చెడు. ఆ ఆటకు ఆ కాగితం చక్కగా సరిపోతుంది. తలుపు బద్దలైందా లేదా అన్నది పాచిక చెప్పాలంటే బలానికి ఒక అంకె ఉండి తీరాలి. పైగా అక్కడ బల్ల చుట్టూ మనుషులున్నారు. కాగితంలో లేనిదాన్ని వాళ్ళ నవ్వు, భయం, పంతం పూరిస్తాయి. నవల రాసేవాళ్ళు ఆ కాగితాన్ని మాత్రం తెచ్చుకున్నారు. బల్ల చుట్టూ ఉన్న మనుషుల్ని ఎవరు తెస్తారు?

నేను తిరుపతిలో ఉంటాను కాబట్టి నాకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. గతం అంటే ఏమిటో చూపించడానికి కిటికీ తెరిస్తే చాలు. స్వామివారి కథను కల్పన అనడం నా ఉద్దేశం కాదు. నేను మాట్లాడుతున్నది ఆ కథ చెప్పుకునే తీరు గురించి. భృగువు తన్నాడు, లక్ష్మీదేవి అలిగి వెళ్ళిపోయింది, స్వామి ఆమెను వెతుక్కుంటూ కొండకు వచ్చి పుట్టలో ఉన్నాడు, నారాయణవనం ఆకాశరాజు కూతురు పద్మావతిని పెళ్ళాడాలనుకున్నాడు. పెళ్ళికి డబ్బు లేదు. కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. కలియుగం అయ్యేదాకా వడ్డీ కట్టాలి.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఊళ్ళోకి రండి. ఆ అప్పు వల్లే హుండీ, ఆ హుండీ వల్లే వడ్డికాసులవాడన్న పేరు. అన్నగారు గోవిందరాజస్వామి అప్పు తీర్చే ధనాన్ని కొలిచి కొలిచి అలిసిపోయి, కొలిచిన కుంచాన్నే తలకింద పెట్టుకుని పడుకున్నాడని మా ఊళ్ళో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. గుళ్ళో చూస్తే తలకింద కుంచం ఉంటుంది. అమ్మవారు కొండమీద గాక, కింద మా ఊరికి అయిదు కిలోమీటర్ల దూరాన తిరుచానూరులో ఉంటుంది. పుట్టలో ఉన్న స్వామికి గోపాలకుడి గొడ్డలి దెబ్బ తగిలి తలమీద కొంత వెంట్రుక పోతే, నీలాదేవి తన జుట్టు కోసి ఇచ్చిందట. ఇవాళ కల్యాణకట్టలో వేలమంది తలనీలాలు ఇస్తున్నారు. కొండమీద చెరువు తవ్వుతున్న భక్తుడు అనంతాళ్వారు, గర్భవతి అయిన తన భార్యకు మట్టి మోయడంలో సాయపడిన పిల్లవాడి మీదికి గునపం విసిరితే, పిల్లవాడి రూపంలో వచ్చిన స్వామి గడ్డానికి దెబ్బ తగిలింది. ఆ గునపం మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతూ ఉంటుంది, స్వామి గడ్డానికి ఇప్పటికీ పచ్చకర్పూరం పెడతారు.

ఒక్క కథలోని గతం నుంచి ఒక ఊరి దినచర్య మొత్తం ఎలా నడుస్తోందో గమనించండి. అందులో ఏ ముక్కా 'జరిగిపోయింది' అని ఊరుకోదు. అప్పు అయితే రోజూ వడ్డీ అడుగుతుంది. దెబ్బ అయితే రోజూ కర్పూరం అడుగుతుంది. కొత్త పాత్రను కల్పించేవాళ్ళకు నేను ఇచ్చే పరీక్ష ఒకటే. మీ పాత్రకు చిన్నప్పుడు జరిగిన దాని వల్ల ఈరోజు ఆ పాత్ర ఏం చేయాల్సి వస్తోంది? ఎవరికి ఏం కట్టాల్సి వస్తోంది? జవాబు దొరక్కపోతే ఆ గతాన్ని కొట్టేసి ఇంకోటి వెతకండి. తల్లిదండ్రుల చావంత పెద్దది అక్కర్లేదు. పక్కింటివాళ్ళ దగ్గర అరువు తెచ్చిన శేరు బియ్యం కూడా చాలు, తిరిగి ఇవ్వలేకపోయి ఉంటే.

ఇక వ్యక్తిత్వం. దీనికి శ్రీకాళహస్తికి వెళ్ళాలి. తిన్నడి కథలో అతను అమాయకుడని, మొండివాడని ఎవరూ పట్టిక వేసి చెప్పనక్కర్లేదు. శివుడికి మాంసం తెచ్చాడు. ఒక చేతిలో విల్లు, ఒక చేతిలో మాంసం, రెండు చేతులూ నిండిపోయాయి. మరి నీళ్ళు? స్వర్ణముఖి నీళ్ళు పుక్కిట పట్టుకున్నాడు. పూలు? జుట్టులో దోపుకున్నాడు. మాంసం రుచిగా ఉందో లేదో కొరికి చూశాడు, బాగున్న ముక్కలే పెట్టాడు. పూజారి గుండె పగిలిపోయే పనులివి. తిన్నడికి మాత్రం ప్రతిదీ ఒక చిన్న చిక్కుకు వేటగాడు వెతుక్కున్న దారి. చివరికి శివుడి కంట్లోంచి రక్తం కారితే, కంటికి కన్నే మందని బాణంతో తన కన్ను పెరికి పెట్టాడు. రెండో కన్నూ కారుతోంది. ఆ కన్ను కూడా పెరికితే చోటు కనబడదు గదా అని కాలితో గుర్తు పెట్టుకున్నాడు.

ఆ కాలి దగ్గర నేను ఎన్నిసార్లయినా ఆగిపోతాను. భక్తి పతాకస్థాయికి చేరిన క్షణంలో కూడా అతను పనివాడిలాగే ఆలోచించాడు. గురి చూసే అలవాటున్న మనిషికి కళ్ళు పోతాయంటే ముందు గుర్తొచ్చేది గురే. ఇదీ వ్యక్తిత్వమంటే. మనిషి చేసే పని వాడి ఒంట్లోకి దిగిపోయి, ఏ ఆపద వచ్చినా ఆ దారిలోనే బయటపడుతుంది. మీ ఫాంటసీ లోకంలో కుమ్మరి ఉంటే, రాక్షసుడి ముఖం చూడగానే ఆ మట్టి సరిగా కాలిందా లేదా అనుకోవాలి.

వ్యక్తిత్వాల వర్గీకరణ మనకు కొత్త కాదు. మన అలంకారికులు నాయకుల్ని ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు రకాలు చేశారు. నాలుగైనా తొమ్మిదైనా, ఇప్పటి వ్యక్తిత్వ పరీక్షల పదహారైనా, చిక్కు ఒకటే. మనిషిని డబ్బాలో పెట్టి మూత వేస్తాయి. అదే అలంకారికులు నాయికల్ని వేరే తూకంతో తూచారు. అష్టవిధ నాయికలు ఎనిమిది స్వభావాలు కావు, ఎనిమిది పరిస్థితులు. సాయంత్రం ఇల్లు సర్ది ఎదురుచూసేటప్పుడు వాసకసజ్జిక అయిన మనిషే, రాత్రి గడిచేకొద్దీ విరహోత్కంఠిత అవుతుంది, తెల్లారి అతను వేరొకరి గుర్తులతో వస్తే ఖండిత, కసిరి పంపించేశాక కుమిలిపోతుంటే కలహాంతరిత. ఒక్క రాత్రిలో నాలుగు గడులు దాటిన ఒకే మనిషి. అన్నమయ్య అలమేలుమంగను అన్ని వందల పదాల్లో పాడినా ఆమె పాతబడకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. 'కోపం ఎక్కువ' అని రాసుకున్న పాత్రకు ఒకే కోపం ఉంటుంది. ఎవరి మీద, ఏ వేళప్పుడు, ఎవరు చూస్తుండగా అన్నది రాసుకుంటే వంద కోపాలు పుడతాయి.

నన్ను బాగా బాధించే విషయం ఒకటుంది. మన కొత్త ఫాంటసీ రాజ్యాల్లో పని చేసేవాళ్ళు కనబడరు. కోట ఉంటుంది, కోటకు నీళ్ళు మోసేవాడు ఉండడు. విందు ఉంటుంది, గిన్నెలు తోమేవాళ్ళు ఉండరు. యుద్ధంలో పదివేలమంది చస్తారు, శవాలు ఎవరు ఎత్తారో ఎవరికీ పట్టదు. కులం పేరు ఎత్తాల్సి వస్తుందన్న భయంతో కొందరు పనిని కూడా కథలోంచి తీసేస్తున్నారనిపిస్తుంది. అందుకే అందరూ యువరాజులు, అందరూ అనాథలు. వంశం, వాడ, చుట్టరికం, బాకీ ఏదీ లేని మనుషులు.

మే నెలలో మా తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకు ఇంకో దారి కనిపించాలి. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు గంగమ్మ నిజరూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. అతన్ని పట్టడానికి ఆమె రోజుకో వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. ఆ వేషాలు ధరించేది కైకాల కుటుంబాలవాళ్ళు, ఆమెను పెంచిన ఇంటివాళ్ళుగా. ఒంటికి ఒకనాడు తెల్లసుద్ద, మరునాడు కుంకుమ, ఆ మరునాడు బొగ్గు. ఊరి చాకిరీ చేసే తోటి నుంచి దొర దాకా ఉన్న మెట్లన్నీ ఆమె ఒంటిమీదికి వస్తాయి. పాలెగాడు ఏ వేషానికి బయటికి వస్తాడో చూడండి. బైరాగికి రాడు, తోటికి రాడు. దొర వచ్చాడంటే వస్తాడు. తనతో సమానమనుకున్నవాడి ఎదుట తప్ప తలుపు తీయని మనిషి, అక్కడే చస్తాడు. ఒక్క సంఘటనతో విలన్ వ్యక్తిత్వం పూర్తయింది. అతని చిన్నతనం గురించి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. చంపిన తర్వాత గంగమ్మ మాతంగి వేషంలో వెళ్ళి అతని భార్యను ఓదారుస్తుందని చెబుతారు. పగ తీర్చుకున్న ఇంటికే ఓదార్చడానికి వెళ్ళే నాయిక! ఇలాంటి ఒక్క అడుగు దొరికితే నలభై పేజీల పట్టిక చింపేయొచ్చు.

భాష గురించి ఒక్క మాట. కుప్పంలో అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. మూడు భాషలు మాట్లాడే మనుషులు అక్కడ మామూలు. లెక్క ఒక భాషలో పెట్టి, తిట్టు ఇంకో భాషలో తిట్టేవాళ్ళను చూశాను. అలాంటి సరిహద్దు మనిషి ఫాంటసీ రాజ్యంలో ఎందుకు ఉండకూడదు? మన కథల్లో వేటగాడూ మంత్రీ రాక్షసుడూ అందరూ ఒకే పుస్తకాల తెలుగు మాట్లాడుతున్నారు. మాట వినగానే ఊరు తెలియాలి.

ఇదంతా ఆ అమ్మాయికి ఒక్కరోజులో చెప్పలేదు. ఆరోజు ఒక్కటే చెప్పి పంపాను, నీ ఒంటి మీద ఎవరి చెయ్యి పడిందో ఇప్పటికీ గుర్తున్న ఒక రోజు గురించి రాసుకుని రమ్మని.

వినాయక చవితి తర్వాత వచ్చింది. లాంగ్ నోట్‌బుక్ లేదు, నాలుగు విడి కాగితాలున్నాయి. ఆరేళ్ళప్పుడు జ్వరం తగ్గితే తలనీలాలు ఇస్తామని వాళ్ళ జేజి మొక్కుకుందట. కల్యాణకట్టలో కత్తి పట్టుకున్న మనిషి తలకు నీళ్ళు పట్టించి, మెడ వెనక చెయ్యి వేసి, "తల వంచు తల్లీ" అనిందట. ఆ చెయ్యి చల్లగా ఉండిందట. అంతే గుర్తు.

ఆ చేతిలోంచి కొత్త నాయిక పుట్టింది. మొక్కులన్నీ వెంట్రుకల్లో దాగి ఉంటాయని నమ్మే కొండ ఊరు. తల్లి నుంచి వచ్చిన కత్తితో గుండ్లు చేసే పిల్ల. మనుషుల్ని ముఖం కన్నా ముందు మెడ చూసి గుర్తుపడుతుంది. ఒకసారి మూడు కత్తెరలకే డబ్బు తీసుకుని పూర్తి మొక్కు చెల్లిందని ఒక తల్లికి అబద్ధం చెప్పింది, ఆ తల్లి బిడ్డ బతకలేదు. అప్పటినుంచి రోజూ చివరి గుండుకు డబ్బు తీసుకోదు. కళ్ళు ఏ రంగో ఎక్కడా రాయలేదు. నేనూ అడగలేదు.

నాలుగో కాగితంలో రాజు రహస్యంగా మొక్కు తీర్చుకోవడానికి ఆమెను పిలిపిస్తాడు. సభ ఖాళీ చేయించారు, మంత్రి ఒక్కడే ఉన్నాడు. ఆమె గిన్నె కింద పెట్టి, కొంగు దోపి, చేతులు తడుపుకుని, రోజూ అందరితో అన్నట్టే అంటుంది: "తల వంచండి." మంత్రి చెయ్యి కత్తి మీదికి వెళుతుంది. ఆమెకు ఎందుకో అర్థం కాదు. నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయేమోనని గిన్నెలో వేలు ముంచి చూస్తుంది.

కాగితం అక్కడితో అయిపోయింది.

"రాజు వంచినాడా?" అని అడిగాను.

"అది రేపు రాయాల సార్," అనింది.