కుడినుంచి చదివే పుస్తకం

మహానగరంలో పెద్ద రెస్టారెంట్‌కి వెళ్ళి, వైన్ ధర చూసి లోలోపల గొణుక్కునేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు. దుకాణంలో ఒక ధరకు దొరికే సీసా అక్కడ మూడింతలు పలుకుతోందని వాళ్ళ ఏడుపు. పలకదా మరి? దుకాణంలో అది అరమీద దుమ్ము కొట్టుకుని పడుంటుంది. రెస్టారెంట్‌లో అదే సీసాను తెల్లగుడ్డలో చుట్టి, మెడ కింద ఒక చెయ్యి, అడుగున ఒక చెయ్యి వేసి, పురిటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి, ముఖం మనవైపు తిప్పి చూపిస్తారు. బిడ్డను చూసి ఉత్తచేతులు ఊపుకుంటూ లేచి వచ్చేస్తామా?

అంచేత ఈ వ్యాసం రెస్టారెంట్ల పక్షాన రాస్తున్నాను. పాపం వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. పైగా ఈమధ్యే ఒకచోట నేను చెల్లించుకున్న మొత్తాన్ని బట్టి చూస్తే, ఆ వ్యాపారంలో నాకూ కొంత భాగం ఉన్నట్టే.

నలుగురం వెళ్ళాం. ముగ్గురం తాగేవాళ్ళం. నాలుగోవాడు మంచినీళ్ళు తప్ప ఇంకేదీ ముట్టడు. వాణ్ణి కూడా వదల్లేదు. "గ్యాస్ ఉన్న నీళ్ళా, లేని నీళ్ళా?" అని అడిగి, వాడు తేల్చుకునేలోపే ఒక గాజుసీసా మూత తీసేశారు. కుళాయి నీళ్ళు అనే మాట వాడి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, పక్క బల్లవాళ్ళు ఇటే చూస్తుండేసరికి మింగేశాడు.

కళ్ళజోడు ఉందని కాబోలు, వైన్ పట్టిక నా చేతికిచ్చారు. తోలు అట్ట, చేతికి బరువు. ఎడమవైపు ఊళ్ళ పేర్లు, కోటల పేర్లు, చచ్చిపోయిన దొరల పేర్లు, సంవత్సరాలు. కుడివైపు అంకెలు. ఏ దేశంవాడైనా, ఏ భాషవాడైనా ఈ పుస్తకాన్ని మాత్రం కుడినుంచి ఎడమకు చదువుతాడు. ముందు అంకె, ఆ తర్వాతే ఊరు. నేనూ అలాగే చదివాను, చూపు మాత్రం ఎడమ పక్కన ఉన్నట్టు నటిస్తూ. తల ఎడమవైపు, కళ్ళు కుడివైపు. మెడ పట్టేసింది.

అంకెల పక్కన డబ్బు గుర్తు లేదు. ఉత్త అంకెలే, టెలిఫోన్ నంబరు చివర్లో ఉన్నట్టు. ఇది అచ్చుతప్పు కాదు. గుర్తు ఉంటే డబ్బు గుర్తొస్తుంది కదా. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు ఈ సంగతి మీద పరిశోధనే చేశారు, 2009లో. డాలరు గుర్తు గానీ డాలర్లు అన్న మాట గానీ లేకుండా వట్టి అంకెలు వేసిన మెనూ ఇస్తే జనం మరింత ఖర్చుపెట్టారట. చూశారా, ఒక చిన్న గీత చెరిపేసి మన మనసుకెంత ప్రశాంతత కల్పించారో! ఈ దయను ఎవరూ గుర్తించరు.

ఇక ఎంపిక. అన్నిటికన్నా చవకది అడగడానికి నోరు రాదు. అందుకని దానిపైన ఉన్నదాన్ని అడుగుతాం. ఈ తెలివి ప్రపంచంలో మనొక్కడికే ఉందని ప్రతివాడూ అనుకుంటాడు. ఇదంతా రెస్టారెంట్లకు ముందే తెలుసు, అందుకే ఆ రెండో సీసామీదే ఎక్కువ పిండుతారని లోకంలో ఒక ప్రచారం. నేనూ నమ్మాను. నమ్మి, ఆ ఉచ్చులో పడకూడదని జాగ్రత్తగా పైకి పాక్కుంటూ వెళ్ళి పట్టిక నడిమధ్యలో ఆగాను. అక్కడ గాలి ఆడుతున్నట్టు, క్షేమంగా ఉన్నట్టు అనిపించింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఇద్దరు ఆర్థికవేత్తలు లండన్ రెస్టారెంట్ల పట్టికలు తిరగేసి 2021లో లెక్క తేల్చారు. రెండో చవక సీసా పాపం అమాయకురాలు. కొన్న ధరమీద వేసే లాభం శాతంలో చూస్తే అందరికన్నా గట్టిగా లాగేది మధ్యలో కూర్చున్న సీసాలే. అంటే నేను గోతిని తప్పించుకుని వెళ్ళి బావిలో దిగాను.

ఇంతలో సొమెలియే వచ్చాడు. వైన్ సంగతి చూసుకునే పెద్దమనిషికి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరది. నల్లకోటు, ఒళ్ళంతా వినయం. "సార్‌కి నిండుగా ఉండేది ఇష్టమా, తేలిగ్గా ఉండేదా?" అన్నాడు.

"తేలిగ్గా ఉండేది" అన్నాను, జేబుకి.

ఆయన నోటికనుకున్నాడు. ఒకే బరువున్న రెండు సీసాల పేర్లు చెప్పి, రెండో దాని దగ్గర గొంతు కాస్త తగ్గించాడు. గొంతు తగ్గినచోట ధర పెరుగుతుందని ఆ తర్వాత అర్థమైంది. నిజానికి ఇలాంటి సందర్భానికి తెలివైనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. పట్టికలో మనకు అందుబాటులో ఉన్న అంకెమీద వేలు పెట్టి, "ఇటువంటిది చూస్తున్నాను" అనాలి. మంచి సొమెలియే అయితే వేలు ఊరి పేరుమీద లేదని వెంటనే పసిగట్టి, ఆ ధరలోనే మంచిది తెస్తాడు, మనవాళ్ళ ముందు మన పరువూ నిలబెడతాడు. నేనూ వేలు పెట్టాను. చీకట్లో ఒక వరస పైకి జారింది.

తర్వాత జరిగిన తంతు గురించి కాస్త వివరంగా చెప్పాలి. సీసా మెడ చుట్టూ ఉన్న రేకును చిన్న కత్తితో కోశాడు. మరమేకు దింపాడు. బిరడా చప్పుడు కాకుండా వచ్చింది, పెద్దింటి ఆవలింతలా. దాన్ని ఒక చిన్న పళ్ళెంలో పెట్టి నా పక్కన ఉంచాడు. ఆ బిరడాను ఏం చెయ్యాలో నాకు తెలీదు. వాసన చూశాను. బిరడా వాసన వేసింది. గంభీరంగా తలాడించాను. గ్లాసులో రెండు చెంచాలంత పోసి పక్కకు నిలబడ్డాడు. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. గ్లాసును మూడుసార్లు తిప్పి, ముక్కు లోపల పెట్టి, కళ్ళు మూశాను. గాడిదకేం తెలుసు గంధం వాసన అని మనవాళ్ళు అన్నారు గానీ, గాడిద కళ్ళు మూసుకుంటే దూరంనుంచి చూసేవాడికి తేడా తెలీదు.

అసలు ఆ రెండు చెంచాలు పోసేది మనకు నచ్చిందో లేదో అడగడానికి కాదు. బిరడాలో టీసీఏ అని ఒక పదార్థం చేరితే వైన్ పాడవుతుంది. తడిసిన అట్టముక్క, ముక్కిపోయిన కాగితాల వాసన వేస్తుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా చాలు, ముక్కుకు తెలుస్తుందంటారు. ఆ వాసన ఉంటే సీసా మార్చమని అడగొచ్చు, అందుకోసమే ఆ తంతు. ఎవరైనా అడగ్గా చూశారా? నేను చూడలేదు. ఎవడైనా ఆ గ్లాసులో కిరసనాయిలు పోసినా సరే, మేం నలుగురి ముందు తలాడించి "బాగుంది" అనేవాళ్ళమే. మరమూత సీసాలు తెచ్చినప్పుడు కూడా కొందరు ఆ మూతను పళ్ళెంలో పెట్టి పక్కన ఉంచుతారు. దాన్ని కూడా వాసన చూసిన మహానుభావుణ్ణి ఒకాయన్ని నేనెరుగుదును. ఆయన ఈ వ్యాసం రాస్తున్నాడు.

గ్లాసు లెక్కన తీసుకుంటే పొదుపు కదా అని మా మూడోవాడు సణిగాడు. వాడికి లెక్క చెప్పాను. సీసాలో 750 మిల్లీలీటర్లు. గ్లాసుకి 150 చొప్పున పోస్తే అయిదు గ్లాసులు. రెస్టారెంట్ ఆ సీసాకి పెట్టిన డబ్బంతా మొదటి గ్లాసుతోనే రాబట్టుకోవడం ఆ వ్యాపారంలో మామూలు పద్ధతి. మిగతా నాలుగూ ఏమిటంటావా? అద్దె, జీతాలు, పగిలిన గ్లాసులు, మనం కూర్చున్న ఈ మసక వెలుగు. పైగా తెరిచిన సీసా ఒకట్రెండు రోజులకే గాలి తగిలి చప్పబడిపోతుంది, ఆ నష్టం ఎవరు భరించాలి? వంటింట్లో మిగిలేది బహుస్వల్పం. కూరగాయలు కుళ్ళుతాయి, వంటవాళ్ళు మానేస్తారు. మనం తాగే గుక్కే మనం తినే ముద్దను పోషిస్తోంది. ఆ మాటకొస్తే ఇందాకట్నుంచి మంచినీళ్ళతో భోంచేస్తున్నవాడు మా ముగ్గురి దయమీద బతుకుతున్నాడు. ఇలా విడమరిచి చెప్పేసరికి వాడు తినడం ఆపి మావైపు అదోలా చూశాడు.

అయినా ధర ఎక్కువని బాధపడేవాళ్ళకు సైన్స్ ఏనాడో జవాబిచ్చేసింది. కాలిఫోర్నియాలో 2008లో కొందరు శాస్త్రవేత్తలు మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి, నోట్లో గొట్టం పెట్టి వైన్ పోశారు. ఒకే వైన్‌ని ఒకసారి పది డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పారు. 90 అన్నప్పుడు ఎక్కువ బాగుందన్నారట. అనడమే కాదు, మెదడులో సుఖం తెలిసేచోట నిజంగానే ఎక్కువ వెలుగు కనబడింది. అబద్ధమాడింది నాలుక కాదన్నమాట, మెదడే మనస్ఫూర్తిగా మోసపోయింది. ఇప్పుడు చెప్పండి, రెస్టారెంట్ ధర తగ్గిస్తే నష్టపోయేదెవరు? నా మెదడు. మూడింతలు వేస్తున్నారని గొడవ పెట్టేవాళ్ళు నిజానికి నా ఆనందంలో మూడింట రెండొంతులు కాజేయమంటున్నారు. నన్నడిగితే వైన్‌ని మార్చాల్సిన పని కూడా లేదు. ఒకే పీపాలోంచి పోసి, మూడు ధరలు పెట్టి, ఎవరికెంత సుఖం కావాలో వాళ్ళనే ఎంచుకోమనాలి.

ఇదేదో నా పైత్యం అనుకోకండి, న్యూయార్క్‌లో నిజంగానే జరిగింది. బాల్తజార్ అని పేరున్న రెస్టారెంట్. దాని యజమాని కీత్ మెక్‌నాలీ 2020లో తనే చెప్పుకున్న ముచ్చట, అంతకు చాలా ఏళ్ళ కిందటిది. ఒక బల్ల దగ్గర నలుగురు వాల్‌స్ట్రీట్ ఆసాములు రెండువేల డాలర్ల ముతాన్ రోషీల్డ్ 1989 అనే ఫ్రెంచి వైన్ తెమ్మన్నారు. ఇంకో బల్ల దగ్గర ఒక కుర్ర జంట, పట్టికలో అన్నిటికన్నా చవకైన 18 డాలర్ల పినో న్వార్ అడిగారు. రెండిటినీ అచ్చు ఒకేలా ఉన్న గాజుకూజాల్లోకి వంచారు. కూజాలు తారుమారయ్యాయి. ఆసాముల్లో వైన్ పండితుడు 18 డాలర్ల సరుకును చప్పరించి స్వచ్ఛత అంటే ఇదీ అన్నట్టు మెచ్చుకున్నాడు. అవతల కుర్రజంటేమో ఏదో గొప్ప వైన్ తాగుతున్నట్టు సరదాగా నటిస్తూ నవ్వుకుంటున్నారు. తాగుతున్నది రెండువేల డాలర్లది!

చివరికి యజమాని రెండు బల్లల దగ్గరా నిజం చెప్పేశాడు. అప్పుడు ఆ పండితుడన్నదేమిటో తెలుసా? అది ముతాన్ కాదని తనకు అనుమానం వచ్చిందట. పక్కనున్న ముగ్గురూ తలలాడించారు. ఆ నాలుగు తలల ముందు నా ఒక్క తల ఏపాటి?

ఇంకోచోట, 2001లో, లండన్‌లో ఆరుగురు బ్యాంకర్లు పాత వైన్లు తెప్పించుకుని 44 వేల పౌండ్ల పైచిలుకు బిల్లు చేశారు. అంతటి గిరాకీ తగిలిన సంతోషంలో రెస్టారెంట్‌వాళ్ళు భోజనానికి డబ్బు తీసుకోలేదు. ఉచిత భోజనం అన్నది లోకంలో లేదనేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. ఉంది, కాకపోతే ముందు కాస్త దాహం వెయ్యాలి.

మా బల్లకొస్తే, ముగ్గురం రెండో సీసా కూడా తెప్పించాం. మొదటిసారి అంత చక్కగా తలాడించాక మానడం మర్యాద కాదనిపించింది. అప్పటికి వైన్ రుచిగానే ఉంది, సొమెలియే కూడా బంధువులా కనబడసాగాడు. చిన్న తోలుసంచిలో బిల్లు వచ్చింది. ఇక్కడ మాత్రం అంకె పక్కన డబ్బు గుర్తు నిక్షేపంలా ఉంది.

నాలుగు సమాన భాగాలు వేద్దామని ప్రతిపాదించింది నేనే. లెక్క సులువని. మంచినీళ్ళవాడు బిల్లువైపు, ఖాళీ సీసాలవైపు, తన నీళ్ళ గ్లాసువైపు వరసగా చూశాడు. వాడి మనసులో మాట పసిగట్టి సర్దిచెప్పాను. వైన్‌లో కూడా నూటికి 85 పాళ్ళు నీళ్ళేరా, ఆ లెక్కన నువ్వు వదులుకుంది మహా అయితే 15 పాళ్ళు, స్నేహితుల మధ్య పదిహేనుకీ ఇరవైకీ కక్కుర్తి పడతామా అన్నాను. మిగతా ఇద్దరూ తలలాడించారు. ఆ సాయంత్రం అందరికీ బాగా అలవాటైన పని అదే.

వాడు మాట్లాడకుండా కార్డు తీసి తన వంతు కట్టాడు. కట్టి, లేచి, నా పక్కన చిన్న పళ్ళెంలో ఇంకా అలాగే ఉన్న బిరడాను తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నాకన్నా ఎక్కువసేపు వాసన చూశాడు. చూసి జేబులో వేసుకున్నాడు.

"అదెందుకురా?" అన్నాను.

"నా వాటా" అన్నాడు.