ఊరి గొంతు, ఊరు లేని గొంతు

అమెరికా నడిమధ్యన, మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. మాకో ఏఎం రేడియో స్టేషన్ ఉంది. 'మన ఊరి ఆటల గొంతు' అని గంటకు నాలుగుసార్లు చెప్పుకుంటుంది. మొన్న శుక్రవారం రాత్రి మావాడి హైస్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్. (బెంచీ మీద కూర్చునే హోదాలో వాడూ టీములో ఉన్నాడు.) ఆఫీసులో ఇరుక్కుపోయిన నేను, దారిలోనైనా విందామని కార్లో ఆ గొంతు పెట్టాను. ఎక్కడో న్యూయార్క్‌లో ఇద్దరు కూర్చుని మూడోవాడి కాంట్రాక్టు గురించి పోట్లాడుకుంటున్నారు. తర్వాత బెట్టింగ్ యాడ్. మళ్లీ పోట్లాట. మళ్లీ బెట్టింగ్. మా ఊరి పేరు ఒక్కసారి వినబడింది, అదీ తప్పుగా పలికారు.

ఇలాంటి మహాసంస్థ చరిత్ర తెలుసుకోకపోతే పాపం తగులుతుంది. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్ కేడీకేఏ స్టేషన్ నుంచి హెరాల్డ్ ఆర్లిన్ తొలిసారి రేడియోలో బేస్‌బాల్ మ్యాచ్ చెప్పాడు. ఆయన మైదానంలోనే ఉన్నాడు పాపం, పాతకాలం మనిషి. తర్వాత తర్వాత మైదానానికి మనిషిని పంపే ఖర్చెందుకని, టెలిగ్రాఫ్‌లో వచ్చే పొడిమాటలకు స్టూడియోలోనే పోపు పెట్టి వడ్డించేవారు.

1930ల్లో అయోవా రాష్ట్రం డెమోయిన్‌లో ఆ పోపు పెట్టిన కుర్రాడు రొనాల్డ్ రీగన్. ఆయనే చెప్పుకున్న కథ ఇది. షికాగో కబ్స్ మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్. ఉన్నట్టుండి టెలిగ్రాఫ్ ఆగిపోయింది. ఆ మాట బయటికి చెబితే జనం ఇంకో స్టేషన్‌కి పోతారు. సరే, బ్యాటర్ చేత ఒక ఫౌల్ (అంటే గీత బయటికి పోయే దెబ్బ) కొట్టించాడు. ఫౌల్‌కి స్కోరు మారదు గదా! ఇంకో ఫౌల్. ఆ బంతి కోసం గ్యాలరీలో పిల్లలు కొట్టుకున్నారు. ఇంకోటి. అయ్యో, ఇది కొంచెంలో హోమ్‌రన్ తప్పింది. ఆరు నిమిషాలకు పైగా ఆ బ్యాటర్ ఫౌల్ మీద ఫౌల్ కొడుతూనే ఉన్నాడు. చివరికి టెలిగ్రాఫ్‌కి ప్రాణం వచ్చింది. చూస్తే, ఆయన మొదటి బంతికే అవుట్! కథ చెప్పిన ప్రతిసారీ బ్యాటర్ పేరు కూడా ఒకేలా ఉండేది కాదు. ఇంత ప్రతిభ ఉన్నవాణ్ణి దేశాధ్యక్షుణ్ణి చేయక ఏం చేస్తారు?

కానీ ఒకటి. ఆ అబద్ధం ఆడటానికైనా స్టూడియోలో ఒక మనిషి ఉన్నాడు.

ఏఎం తరంగాలు రాత్రిళ్లు ఆకాశంలో తగిలి వందల మైళ్ల అవతల పడతాయి. అందుకని పొద్దుగూకగానే చాలా చిన్న స్టేషన్లు పవర్ తగ్గించుకోవాలి, కొన్నయితే కట్టేయాలి. స్కూలు ఫుట్‌బాల్ మొదలయ్యేదేమో అప్పుడే! అయినా హార్డ్‌వేర్ షాపాయన, విత్తనాల కొట్టాయన ఇచ్చే యాడ్స్‌తో ఎలాగో నెట్టుకొచ్చారు.

1996లో కొత్త చట్టం వచ్చి, ఒక కంపెనీ దేశం మొత్తమ్మీద ఎన్ని స్టేషన్లయినా కొనుక్కోవచ్చంది. క్లియర్ ఛానల్ అనే కంపెనీ సుమారు 1,200 కొనుక్కుంది. నార్త్ డకోటాలో మైనాట్ అనే ఊళ్లో ఉన్న ఆరు కమర్షియల్ స్టేషన్లూ దానివే. 2002 జనవరి 18, అర్ధరాత్రి దాటాక ఆ ఊరి పక్కన రైలు పట్టాలు తప్పి అమోనియా విషమేఘం కమ్ముకుంది. జనాన్ని హెచ్చరించమని పోలీసులు రేడియోకి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. మా మనిషి ఉన్నాడు, హెచ్చరిక యంత్రాన్ని పోలీసులే సరిగ్గా వాడలేదు అని కంపెనీ వాదించింది. వాదించండి! ఒక మనిషి చచ్చిపోయాడు. ఊరి గొంతుని కొనుక్కుని ఊరికే పనికిరాకుండా చేసి, పైగా వాదన! సిగ్గుండాలి.

2018 మే 14న సుప్రీంకోర్టు బెట్టింగ్‌కి అడ్డు తీసేశాక మిగిలిన ఖాళీ కూడా నిండింది. పదిహేనేళ్ల పిల్లల ఆట వినిపించడానికి టైము లేదు, అదే పిల్లల చెవిలో జూదం ఊదడానికి మాత్రం రోజంతా ఉంది. వ్యసనమైతే ఫలానా నంబరుకు ఫోన్ చేయమని ఊపిరి తీసుకోకుండా ఒకడు చదువుతాడు. దొంగ వెధవలు.

రేడియో కట్టేసి కారు పక్కకి ఆపాను. గ్రౌండు నుంచి మా ఆవిడ వాట్సాప్‌లో ముక్కలు పంపుతోంది. "మనవాళ్లకి ఏడు." "ఎవరో పడ్డారు. లేచారు." తెనాలిలో శనివారం తెల్లారింది, అత్తయ్యగారు ఫోన్ చేశారు. మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆవిడకి చదివి, కాస్త పోపు పెట్టి చెప్తున్నాను. ఇంతలో మా ఆవిడ ఫోన్ ఛార్జింగ్ అయిపోయినట్టుంది, మెసేజ్‌లు ఆగిపోయాయి.

"మనవడు దిగాడా బాబూ?" అన్నారు అత్తయ్యగారు.

"దిగాడండీ," అన్నాను.